ఇల్లు చూడాల్సింది ఆషాఢంలోనే

సంపాదకులకు,

ఆషాఢంలో కొత్త ఇంట చేరరు, సరే. చూడటానికేం అడ్డు? 2023 వేసవిలో హనుమకొండలో ఒక కింది పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. గోడలకు కొత్త రంగు, వీధంతా పొడి. జూలై వానలకు మోకాలి లోతు నీళ్లొచ్చాయి. బియ్యం డబ్బా తేలింది. రంగు పెచ్చులూడితే పాత నీటిచార కనిపించింది. "ఎప్పుడూ ఇలా లేదు" అన్నారు యజమాని, ఆ చార పక్కనే నిలబడి! కాకతీయుల గొలుసుకట్టు చెరువుల ఊరు ఇది, నీరు తన దారి మరిచిపోదు.

కిందటేడు ఆషాఢం ముసురులో గొడుగేసుకుని వీధివీధీ తిరిగాను. టులెట్ బోర్డులు ఉన్నాయి, అడిగేవారు లేరు. అడ్వాన్సులో ఒక నెల తగ్గించారు. ఎండల్లో బోరు సంగతి మాత్రం పక్కింటివాళ్లనే అడిగాను. శ్రావణంలో పాలు పొంగించాం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ