పిల్లల పేజీలో మాకూ కాస్త చోటివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం అండీ,

మీ ఆదివారం పుస్తకంలో పిల్లల పేజీని మా ఇంట్లో చదివేది నేనొక్కదాన్నే, పిల్లలెవరూ దాని మొహం చూడరు, వాళ్ళకి ఫోన్లున్నాయిగా. అందులో కింద ఓ మూల బొమ్మలు గీసి పంపమని వేసి పేరు, తరగతి, వయసు రాయమంటారు కదా, అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. నా వయసు 47. తరగతి దగ్గర ఏం రాయాలో తెలీక ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పెద్దదైపోయేలా ఉంది, మీక్కావాల్సినంత ఉంచుకుని మిగతాది కత్తిరించేయండి.

ఇదంతా మా పాప సైన్స్ రికార్డు వల్ల వచ్చింది. పదో తరగతి. రేపు ఇచ్చెయ్యాలి అన్న సంగతి రాత్రి తొమ్మిదిన్నరకి చెప్తుంది, అప్పటికి అంట్లు సింకులో అలాగే ఉన్నాయి, అది గుండె బొమ్మ గీసి చెరిపి గీసి చెరిపి కాగితానికి చిల్లు పెట్టి కూర్చుంది. సరే ఇటివ్వు అని తీసుకున్నా. నాలుగు గదులు, మధ్యలో కవాటాలు, పైన బృహద్ధమని వంపు (మేం తెలుగు మీడియం, పాపకి అది అయోర్టా), అలా గీసుకుంటూ పోయి తలెత్తి చూస్తే పావు తక్కువ పదకొండు. పాప నా వెనకాల నుంచుని "అమ్మా నీకు డ్రాయింగ్ వచ్చా?" అంది. నా కడుపున పుట్టి పదిహేనేళ్ళయిన పిల్లకి ఆ సంగతి తెలీదండీ. దాని తప్పు కాదు, నాకే గుర్తు లేదు. వాళ్ళ సైన్స్ టీచర్ గారు ఈ ఉత్తరం చదవకుండా ఉంటే బావుణ్ణు.

మాది రాజమండ్రి. చిన్నప్పుడు చందమామ వస్తే ముందు అట్ట మీద వపా అన్న సంతకం ఎక్కడుందో వెతికేదాన్ని, వడ్డాది పాపయ్య గారి బొమ్మ మీద స్కేలుతో గళ్ళు కొట్టి అదే బొమ్మని తెల్ల కాగితం మీద గడి గడికీ పెద్దది చేసి గీసేదాన్ని, పుస్తకం పాడు చేశానని అన్నయ్య చేత తన్నులు కూడా తిన్నాను. బాపు గారి అమ్మాయిని గియ్యని పిల్ల గోదావరి జిల్లాల్లో ఉండదేమో, నేనూ గీశాను, జడ వచ్చింది, మొహమే రాలేదు. బడిలో డ్రాయింగ్ మాస్టారు నన్ను చూసి పది అవగానే డ్రాయింగ్ లోయర్ పరీక్షకి (మొదటి మెట్టు పరీక్ష అన్నమాట, టైపుకీ అదే పేరుతో ఒకటుంది) కట్టమ్మా అన్నారు. ఇంటికొచ్చి నాన్నగారికి చెప్పాను. ఆయన ఏం విన్నారో ఏమో, లోయరే కదా అని తీసుకెళ్ళి టైపు లోయర్‌లో చేర్పించారు. ఆ రోజుల్లో ఆడపిల్లకి టైపు వస్తే ఉద్యోగం వచ్చినట్టే లెక్క. ఉద్యోగం రాలేదు, సంబంధం వచ్చింది. ఇప్పుడు ఫోన్లో రెండు బొటనవేళ్ళతో కొట్టుకుంటున్నాను.

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు పనిగట్టుకుని దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళొచ్చాను. ఆయన 1897లో పుట్టారు, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకొచ్చి 1925లో మశూచితో పోయారు, అంటే 28 ఏళ్ళు కూడా నిండలేదు, ఆ కాస్త వయసులోనే అన్ని బొమ్మలు! చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్తే ఆయన పేరొక్కటే చూశాను. వాళ్ళావిడ సత్యవాణి గారు, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారులేనన్న సంగతి ఈసారే బుర్రకెక్కింది. వందేళ్ళ కిందట ఒకే ఇంట్లో మొగుడు, పెళ్ళాం, ఆడపడుచు అందరూ బొమ్మలేస్తుంటే మరి వంట ఎవరు చేసేవారో! నవ్వకండి, నాకు నిజంగా వచ్చిన డౌటు అదే.

ఇక నా సంగతి. మర్నాడే కొట్టుకెళ్ళి 4బీ పెన్సిల్ అడిగాను, పాపకా అన్నాడు, అవునన్నాను. అబద్ధం ఎందుకాడానో తెలీదు. స్కెచ్ పుస్తకం కొనడానికి మనసొప్పక శుభలేఖల లోపలి అట్టలు వాడుతున్నాను, మందంగా ఉంటాయి, పెన్సిల్ బాగా పడుతుంది, మా బీరువాలో ఇరవై పెళ్ళిళ్ళకి సరిపడా ఉన్నాయి. టైమంటారా, కుక్కరు పెట్టాక మూడు విజిల్స్ వచ్చేలోపు ఒక బొమ్మ, మొదటి విజిల్‌కి మొత్తం ఆకారం వచ్చెయ్యాలి, మూడోది వచ్చిందంటే ఎక్కడున్నది అక్కడ వదిలేసి లేవాలి. రోజూ ముగ్గేసే చెయ్యే కదా తేలిగ్గా వస్తుందనుకున్నాను, రాలేదు. ముగ్గుకి చుక్కలుంటాయి, మనిషి మొహానికి ఉండవు కదండీ. స్టీలు గ్లాసు దగ్గరే వారం రోజులు పోయింది. అంచు గుండ్రంగా ఉంటుందని మనకి తెలుసు కాబట్టి గుండ్రంగా గీసేస్తాం, అడుగు బల్ల మీద ఆనింది కదా అని అక్కడ అడ్డగీత కొట్టేస్తాం, తీరా కళ్ళు పెట్టి చూస్తే పై అంచు నొక్కేసినట్టు సన్నగా ఉంది, అడుగే ఎక్కువ వంపు తిరిగింది. ఇన్నేళ్ళు రోజూ తోమిన గ్లాసు. మాస్టారు అప్పట్లో "కుర్చీని గియ్యకు, కాళ్ళ మధ్య ఖాళీని గియ్యి" అనేవారు, అప్పుడేదో వేళాకోళం అనుకున్నా, ఇప్పుడలా చేస్తే కుర్చీ దానంతటదే వచ్చి కూర్చుంటోంది.

మావారు చూసి బానే ఉన్నాయి, అమ్ముతావా ఏంటి అన్నారు. ఆయన టీవీలో క్రికెట్ చూస్తారు, ఎవరికి అమ్ముదామని చూస్తున్నారో నేనెప్పుడూ అడగలేదు. అత్తయ్యగారు మాత్రం మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కదలకుండా కూర్చుంటారు, ఆవిడే నాకు దొరికిన మోడల్. మా ఇద్దరికీ మాటలు తక్కువ లెండి, కానీ బొమ్మ గియ్యాలంటే మనిషిని అరగంట చూడాలి కదా, ఆవిడ ఎడం చిటికెన వేలు కొంచెం వంకరని నాకు ఇరవై మూడేళ్ళకి తెలిసింది. అడిగితే చిన్నప్పుడు రోట్లో పడి నలిగిందని మొదలుపెట్టి వాళ్ళమ్మ సంగతులు సాయంత్రం దాకా చెప్పారు, ఆవేళ కాఫీ కూడా లేటయింది.

నేనడిగేది ఒక్కటే అండీ. పిల్లల పేజీలో బొమ్మలకి వయసు 15 దాటకూడదు అంటారు. వాళ్ళకి బళ్ళో పోటీలున్నాయి, సమ్మర్ క్యాంపులున్నాయి, ఏం గీసినా చప్పట్లు కొట్టే అమ్మమ్మలున్నారు. మా ఎదురింట్లో రిటైరైన రైల్వే గార్డు గారు పాత డైరీల నిండా ఆవిరి ఇంజన్లు గీసి పెట్టుకున్నారు, ఎవరికీ చూపించరు, ఈ వయసులో ఇదేం పిచ్చి అంటారని ఆయన భయం. రంగుల్లో అక్కర్లేదు, నెలకోసారి అరచెయ్యంత చోటిస్తే చాలు. బహుమతి వద్దు, తరగతి అన్న గడి మాత్రం తీసెయ్యండి.

అత్తయ్యగారి బొమ్మ ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. వేసేటట్టయితే ముక్కు కొంచెం తగ్గించి వెయ్యమని మిమ్మల్ని అడగమన్నారు ఆవిడ. తగ్గించకండి, ముక్కు అంతే ఉంటుంది.

ఇట్లు
ఒక పాఠకురాలు, తణుకు