కొండపూల గుర్తింపు, ఛాయాచిత్రణ: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కొండలలోను, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట ప్రాంతంలోను అడవి పూలను గుర్తించడానికి, ఫొటోలు తీయడానికి మన సంఘం చేసిన పనిని ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాం. జమాఖర్చుల పత్రాన్ని విడిగా పంచినందున దాని ప్రస్తావన ఇక్కడ లేదు. నివేదికను సాధించిన పనులతో మొదలుపెట్టడం ఆనవాయితీయే అయినా, ఈసారి మనం చేసిన ఒక పొరపాటుతో మొదలుపెట్టవలసి వస్తోంది. ఈ ఏడాది పని తీరు మారడానికి అదే కారణం.

కిందటేడు మనం పెట్టిన ఫొటోల ప్రదర్శనలో ప్రవేశద్వారం ఎదురుగా, అందరి కళ్లూ పడేచోట, అగ్నిశిఖ పువ్వు ఫొటోను పెద్ద చట్రంలో వేలాడదీశాం. దీనినే అడవినాభి అని కూడా అంటారు. శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడి, చివరికి, "ఈ పువ్వు నేలకేసి సూస్తాది కదా బాబూ, మీరు ఆకాశానికేసి తిప్పీసినారేటి?" అని అడిగారు. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆ పువ్వు తల వంచుకుని పూస్తుంది, అంచులు అలలుగా ముడతలు పడిన ఆరు పరిపత్రాలు (రేకులు) వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి, కేసరాలు పక్కలకు చాచుకుంటాయి, అండాశయం అడుగున ఉంటుంది. ఫొటో తీసిన సభ్యుడు పువ్వును మాత్రమే బిగించి తీయడంతో కాడ చట్రంలోకి రాలేదు. చట్రం కట్టించినవారేమో మందారం లెక్కన కేసరాలు పైకి ఉండాలనుకున్నారు. ఆ విధంగా మూడు రోజుల పాటు అగ్నిశిఖ మన గోడ మీద తలకిందులుగా వేలాడింది.

అంతటితో ఆగలేదు. ప్రదర్శన తరువాత ఫొటోల భాండాగారాన్ని మొదటి నుంచి సరిచూసినప్పుడు, ఇదే మొక్క పూలు రెండు వేర్వేరు పేర్లతో రెండు చోట్ల నమోదై ఉండడం కనిపించింది. అగ్నిశిఖ విచ్చినప్పుడు పచ్చదనం కలిసిన పసుపు రంగులో ఉండి, రోజులు గడిచేకొద్దీ ఎరుపెక్కుతుంది. విచ్చిన రోజు తీసిన ఫొటో ఒక జాతి కిందకు, వాడిపోయేముందు తీసిన ఫొటో మరో జాతి కిందకు చేరిపోయాయి. ఆకు కొన నులితీగలా చుట్టుకుని ఆధారాన్ని పట్టుకోవడం, కీలం (అండాశయం నుంచి బయటికి సాగే సన్నని కాడ) అడుగు దగ్గరే లంబకోణంలో పక్కకు వంగడం ఈ మొక్కకు తిరుగులేని గుర్తులు. ఆ రెండు ఫొటోలలో ఏ ఒక్కదానిలో ఆకు కొన పడి ఉన్నా ఈ పొరపాటు జరిగేది కాదు. పిల్లలతో నడకలకు వచ్చే సభ్యులు ఒక సంగతి గమనించాలి: దీని దుంపలోను, గింజలలోను కాల్చిసిన్ అనే విషం ఉంటుంది కనుక మొక్కను కళ్లతో చూడడమే తప్ప ముట్టుకుని తవ్వకూడదు.

పై అనుభవంతో కార్యవర్గం ఈ ఏడాది ఒక నియమం పెట్టింది. భాండాగారంలోకి చేరే ప్రతి పువ్వుకూ ఎదుటి నుంచి తీసిన అందమైన ఫొటోతో పాటు, పక్క నుంచి ఒకటి, రక్షకపత్రాలు కనబడేలా వెనుక నుంచి ఒకటి, ఆకు పైభాగం, అడుగుభాగం, మొక్క మొత్తం రూపం, పక్కన కొలతకు ఒక రూపాయి నాణెం తప్పనిసరిగా ఉండాలి. కొందరు సభ్యులు ఇది ఫొటోగ్రఫీ కాదు, గుమాస్తా పని అని నొచ్చుకున్నారు. వారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే 1780లలో సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల చేత గీయించిన బొమ్మలను చూస్తే, నిండుగా పూసిన కొమ్మ పక్కనే కేసరాలు, అండాశయం, కాయ విడివిడిగా కనిపిస్తాయి. ఆ బొమ్మల అందానికి ఆ వివరాలు అడ్డు రాలేదు, రెండు వందల ఏళ్లు దాటినా మొక్కను పోల్చుకోవడానికి అవి ఇప్పటికీ పనికి వస్తున్నాయి.

నియమం ఫలితం దేవకాంచనం దగ్గర స్పష్టంగా కనిపించింది. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి దారిలో కార్తీక మాసంలో ఆకుల మధ్య పూసిన చెట్టును, రామతీర్థం కొండ వాలులో మాఘం దాటాక ఆకు రాల్చి నిండుగా పూసిన చెట్టును మనవాళ్లు ఇంతకాలం ఒకే దేవకాంచనంగా రాస్తూ వచ్చారు. రెండింటి ఆకూ ఒంటె గిట్ట అచ్చులా చీలి ఉంటుంది, పూల రంగూ దగ్గరగానే ఉంటుంది. ఈసారి పక్క నుంచి తీసిన ఫొటోలను పెద్దవి చేసి కేసరాలు లెక్కపెడితే, మొదటిదానిలో పుప్పొడి ఉన్నవి మూడు, రెండోదానిలో అయిదు తేలాయి. మూడు కేసరాలు, సన్నని ఆకర్షణ పత్రాలు, ఆకులుండగా శరదృతువు నుంచి పూయడం బౌహీనియా పర్పూరియా లక్షణాలు. అయిదు కేసరాలు, వెడల్పాటి పత్రాలు, శిశిరాంతంలో దాదాపు ఆకులేని కొమ్మల మీద పూయడం బౌహీనియా వేరియెగాటా లక్షణాలు. రెండింటికీ వాడుకలో ఒకే పేరు ఉండడం తప్పు కాదు, మన జాబితాలో ఒకే వరుసలో ఉండడం మాత్రం తప్పు.

విష్ణుక్రాంత కథ వేరు. నేలకు అంటుకుని పాకే ఈ మొక్క పువ్వు చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఎండ తగిలితే విచ్చుకుని, మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతుంది కనుక, భోజనాలు ముగించుకుని తీరిగ్గా వెళ్లినవారికి ఎన్నడూ దొరకలేదు. శాలిహుండం కొండ మెట్ల పక్కన ఉదయం నేల మీద బోర్లా పడుకుని, ఎండను తెల్లటి పంచె అడ్డుపెట్టి మెత్తబరచి, కెమెరాలోకి వెలుగు వచ్చే రంధ్రాన్ని ఎఫ్ 11కి తగ్గించి తీసిన ఫొటోలో రెండు కీలాలు, ఒక్కొక్కటి మళ్లీ రెండుగా చీలి ఉండడం విడివిడిగా కనబడింది. విష్ణుక్రాంత చేరిన ఎవాల్వులస్ ప్రజాతికి ఇదే గుర్తు. ఇంత శ్రమపడి తీసిన ఆ నీలం పువ్వును ఈ నివేదిక అట్ట మీద ముద్రించాలనుకున్నాం కానీ, ముద్రణకు ఇచ్చిన చోట అది వంకాయ రంగులో వచ్చింది. నీలానికి, ఊదాకు మధ్యనున్న రంగులతో కెమెరాకూ, ముద్రణ సిరాకూ కూడా ఇబ్బందే కనుక, రంగులను సరిచూసుకోవడానికి ఇకపై ప్రతిచోటా మొదటి ఫొటోలో బూడిద రంగు అట్టముక్కను చేర్చి తీయాలని నిర్ణయించాం. అట్ట పేజీకి ఈసారి మోదుగతో సరిపెట్టుకున్నాం.

చెట్ల మీద పూసే ఆర్కిడ్ వాండా టెస్సెల్లేటాను మన పాత జాబితాలో బదనిక అని రాసి ఉంచాం. బదనిక మామిడి కొమ్మలోకి చొచ్చుకుపోయి దాని రసాన్నే తాగే పరాన్నజీవి. వాండా అలా కాదు, బెరడు మీద కూర్చుంటుందే తప్ప చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. లావుపాటి తెల్లటి వేళ్లను గాలిలోకి వదిలి వాన నీటిని పీల్చుకుంటుంది. మందస వైపు ఒక పాత మామిడి తోపులో వాన వెలిసిన కొద్దిసేపటికి చూసినప్పుడు, పొద్దున బూడిద రంగులో ఉన్న ఆ వేళ్లు లేత ఆకుపచ్చకు తిరిగాయి. పరాన్నజీవి అనుకుని తోటల రైతులు దీన్ని పీకి పారేయడం కనిపించినందున ఈ తేడాను ఇంత వివరంగా రాస్తున్నాం. ఆర్కిడ్లు పూసిన చెట్ల ఆచూకీని మాత్రం బయటకు ఇవ్వబోము. ఫొటోలలో దాగి ఉండే స్థల వివరాలను తుడిచివేశాకే ఎవరికైనా పంపాలని సభ్యులను కోరుతున్నాం.

పేర్ల విషయంలో కార్యవర్గం ఇంకొంచెం కఠినంగా ఉండవలసి వచ్చింది. కొండ మీద గుత్తులుగా పూసిన నీలం పువ్వుల ఫొటోను ఒక సభ్యుడు నీలకురింజి అని నమోదు చేశారు. పన్నెండేళ్లకొకసారి పూసే ఆ మొక్క 2018లో మున్నార్‌లో పూసిన సంగతి అందరూ విన్నదే. దాని బంధువర్గంలో నీలంగా పూసే మొక్కలు ఎన్నో ఉన్నాయి కనుక, ఫొటోలో ఆకు స్పష్టంగా లేని ఆ పువ్వును "తెలియనివి" అనే అరలో పెట్టాం. ఆ అర ఈ ఏడాది బాగా నిండింది, దానికి కార్యవర్గం సిగ్గుపడడం లేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో మన్యంలో పసుపు పచ్చగా పరుచుకునే వలిసెలు అడవి పూలు కావు, నూనె గింజల కోసం వేసిన పంట. వయ్యారిభామ, లాంటానా బయటి ఖండాల నుంచి వచ్చి చేరినవి. వీటి ఫొటోలను తీసివేయకుండా విడి జాబితాగా ఉంచాం. తొలకరికి నేల చీల్చుకుని వచ్చే అడవి పసుపులో గులాబీ రంగులో మెరిసేవి పూలు కావని, పుచ్ఛాలని (పూలను అంటిపెట్టుకుని ఉండే ఆకులాంటి పత్రాలని), అసలు పూలు వాటి సందుల్లో పసుపు రంగులో ఉంటాయని కూడా చాలామందికి ఈ ఏడాదే తెలిసింది.

సవర, జాతాపు గ్రామాల పెద్దలు ఒక్కొక్క మొక్కకు చెప్పిన పేర్లను ధ్వనితో సహా నమోదు చేయడం ఈ ఏడాది మొదలుపెట్టిన కొత్త పని. సవర భాషను స్వయంగా నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పుట్టిన ప్రాంతంలో ఈ పని ఇంత ఆలస్యంగా మొదలు కావడమే లోపం. మూడు ఊళ్లలో నమోదు అయింది కానీ, తెలుగు లిపిలో రాయగానే కొన్ని ధ్వనులు జారిపోతున్నాయి. అందుకని రాత ప్రతిని ఇంకా జాబితాలో చేర్చలేదు. ఈ సందర్భంలోనే ఒక ఫిర్యాదు మన మీద వచ్చింది. ఇప్ప పూలు తెల్లవారుజామున రాలుతాయి. ఏ చెట్టు కింద ఏ కుటుంబం ఏరుకుంటుందో ఊళ్లో కట్టుబాటు ఉంటుంది, వాళ్లు ముందురోజే చెట్టు కింద ఊడ్చి ఉంచుతారు. మన సభ్యులిద్దరు ఫొటోల కోసం ఆ ఊడ్చిన నేల మీదే చెప్పులతో తిరిగి, రాలిన పూలను తొక్కారు. ఊరి పెద్దలకు క్షమాపణ చెప్పి వచ్చాం. చెట్టు తాలూకు వాళ్లను అడిగి, పూలు ఏరుకోవడం అయ్యాకే కెమెరా తీయాలని నడకల నియమాలలో చేర్చాం.

రద్దయిన నడకలు రెండు. సీతంపేట వైపు ఏనుగుల గుంపు తిరుగుతోందని అటవీ సిబ్బంది చెప్పడంతో ఒకటి, ఎలుగుబంటి కనబడిందని మందస వైపు మరొకటి మానుకున్నాం. రక్షిత అటవీ ప్రాంతాలలోకి అనుమతి లేకుండా ఎవరూ విడిగా వెళ్లవద్దని మళ్లీ గుర్తుచేస్తున్నాం.

వచ్చే ఏడాదికి మిగిలిన పనులలో కొండగోగు మొదటిది. మాఘ ఫాల్గుణాలలో ఒక్క ఆకైనా లేని కొమ్మల చివర అరచేయంత పసుపు పూలు పూసినప్పుడు రామతీర్థంలో దానిని అన్ని కోణాల్లోనూ తీశాం. వేళ్లు చాచిన అరచేయిలా చీలిన దాని ఆకులు పూత పోయాక వస్తాయి కనుక, నియమం ప్రకారం ఆ నమోదు ఇప్పటికి సగమే. ఆ చెట్టు కాండానికి ఆనవాలుగా పసుపు దారం కట్టి వచ్చాం. మొదటి వానలు పడ్డాక వచ్చే ఆదివారం ఆకు ఫొటోల కోసం మళ్లీ అక్కడికే వెళ్తున్నాం. రాదలచిన సభ్యులు ఉదయం ఆరు గంటలకు విజయనగరం కోట ముందుకు చేరుకోవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి