ఆదివారం సినిమా, దాని దర్శకుడు

సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం మనం చూడబోయే 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్' దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్ గురించి నాలుగు మాటలు ముందే చెప్పాలనిపించింది.

1900లో ఫిలడెల్ఫియాలో పుట్టి, నాటకరంగం నుంచి హాలీవుడ్‌కు వెళ్లిన ఆయన, 1947లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ సంఘం ఎదుట తన రాజకీయ విశ్వాసాలపై వేసిన ప్రశ్నలకు జవాబివ్వడానికి నిరాకరించి, 1950లో జైలుకు వెళ్లిన పదిమందిలో ఒకరు. బయటికి వచ్చాక ఏ స్టూడియో ఆయనకు పని ఇవ్వలేదు.

అప్పుడాయన తనలాగే బహిష్కరణకు గురైన మిత్రులను కూడగట్టుకొని, న్యూమెక్సికో జింకు గని కార్మికుల సమ్మెను తెరకెక్కించారు. పికెటింగ్ (గని ముందు నిలబడి పనిని అడ్డుకోవడం) చేయకూడదని కోర్టు మగవాళ్లను కట్టడి చేస్తే, వాళ్ల స్థానంలో భార్యలు వచ్చి నిలబడిన నిజమైన సమ్మె అది. కథానాయకుడిగా కనిపించే హువాన్ చాకోన్ వృత్తి నటుడు కాదు, ఆ ప్రాంత యూనియన్ నాయకుడే. చిత్రీకరణ పూర్తికాకముందే నాయిక రొసౌరా రెవుల్తాస్‌ను అధికారులు నిర్బంధించారు; ఆమె మెక్సికోకు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. 1954లో విడుదలైన ఈ చిత్రాన్ని ప్రదర్శించడానికి సినిమా హాళ్లలో ప్రొజెక్టర్లు నడిపే ప్రొజెక్షనిస్టుల యూనియన్ ఒప్పుకోలేదు. 1992లో దీన్ని భద్రపరచాల్సిన చిత్రాల అమెరికా జాతీయ జాబితాలో చేర్చేనాటికి, 1971లో కన్నుమూసిన బైబర్‌మన్ లేరు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

బట్టలు ఉతకడానికి నీళ్లు కాచుకోవాలని నాయిక కట్టెలు కొట్టే మొదటి దృశ్యాన్ని దయచేసి ఎవరూ వదులుకోవద్దు, వేళకు రండి.