కొత్త ఎం5 బరువు, రూపం గురించి

సభ్యులందరికీ నమస్కారం. 2024లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 కారును ఇక్కడ కొందరు కేవలం బరువు చూసి కొట్టిపారేయడం నాకు సమంజసంగా అనిపించలేదు. 4.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజనుకు విద్యుత్ మోటారు తోడై 727 హార్స్‌పవర్ ఇస్తున్నా, బండి 2,400 కిలోలు దాటినందున వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 3.5 సెకన్లు పడుతోందని, 625 హార్స్‌పవర్ ఉన్న పాత తరం ఎం5లోని కాంపిటీషన్ అనే శక్తిమంతమైన మోడల్‌కు 3.3 సెకన్లే పట్టేవని కంపెనీ లెక్కలే చెబుతున్నాయి, కాదనను. అయితే రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి, ఛార్జ్ చేసిన బ్యాటరీతోనే, పెట్రోలు చుక్క కాలకుండా అరవై కిలోమీటర్లకు పైగా నడవగలగడం ఆ 0.2 సెకను కన్నా విలువైనది. రూపం విషయంలో నా మనసు పూర్తిగా దానివైపే ఉంది: ఎం5కు మూలమైన మామూలు 5 సిరీస్ కారు కన్నా ముందు 75, వెనుక 48 మిల్లీమీటర్లు వెడల్పెక్కిన ఆ బాడీని వెనుక చక్రం పక్కన వంగి నిలబడి ఒకసారి చూడండి. తడి రోడ్డుపై, మలుపుల్లో స్వయంగా నడిపినవారు బ్రేకుల తీరు వివరంగా రాయగలరు.