విషయం తోచలేదని బెంగపడకు

చిన్నీ,

ఇక్కడ అంతా క్షేమం. పని మామూలే. నేను చిక్కిపోయానని అమ్మ దిగులు పడుతోందట. వీడియోలో అలా కనిపిస్తానంతే, బాగానే తింటున్నానని చెప్పు.

వెయ్యి మాటల వ్యాసానికి ఏ విషయం తీసుకోవాలో తోచడం లేదన్నావు. దానికి తెలివిని తిట్టుకోకు. ముందు టీచరిచ్చిన ప్రశ్నలో చివరి మాట చూడు. ‘వివరించండి’ అంటే ఎలా జరుగుతుందో చెప్పాలి. ‘పోల్చండి’ అంటే రెండింటినీ ఒకే అంశాల మీద తూచాలి. ‘చర్చించండి’ అంటే ఎదుటివాదం కూడా రావాలి. విషయం ఎంత బాగున్నా ఆ మాటకు కుదరకపోతే మార్కులు పోతాయి.

తర్వాత ఫోన్ అవతల పెట్టి పది నిమిషాలు పెన్ను ఆపకుండా రాయి. దిద్దకు. దిద్దడం మొదలైతే కొత్త ఆలోచన రావడం ఆగిపోతుంది. అయ్యాక చదువుకుని, ‘ఎందుకు’, ‘నిజమేనా’ అనిపించిన చోటల్లా గీత గియ్యి. పనికొచ్చే విషయం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

నువ్వనుకున్న ‘జ్ఞాపకశక్తి’ మంచిదే కానీ వెయ్యి మాటల్లో ఇమడదు. అందరికీ తెలిసిన సంగతులే నాలుగు పేరాలు రాసి ఆగిపోతావు. కుదించు. జ్ఞాపకశక్తిలో మరుపు, అందులోనూ చదివింది మరిచిపోవడం. ‘పాఠాన్ని ఒక్కరోజే కూర్చుని చదివితే ఎక్కువ గుర్తుంటుందా, అంతే సమయాన్ని నాలుగు రోజులకు పంచుకుంటేనా?’ చూశావా, ఇప్పుడు జవాబు వెతకాల్సిన ప్రశ్న అయింది. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలు కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరుస్తున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. విడతలుగా చదవడమే మేలని ఆయనకు తేలింది. అక్కణ్ణించి మొదలుపెట్టు. ఆయన పరీక్షించింది తనొక్కణ్ణే కదా, అందరికీ అది వర్తిస్తుందా? నీకు కావాల్సిన ఎదుటివాదం అదే.

అన్నట్టు, నాన్న కళ్ళద్దాలు మార్చారా? వాయిదా వెయ్యనివ్వకు.

మరీ కుదించినా చిక్కే. జవాబు ఒక్క వాక్యంలో తేలిపోతే వ్యాసం సాగదు. ఖాయం చేసుకునే ముందు ఒక గంట వెతుకు. నమ్మదగ్గ ఆధారాలు మూడైనా దొరక్కపోతే ఆ విషయం వదిలెయ్. గడువు సగం దాటాక మాత్రం విషయం మార్చకు, కోణం మార్చుకో.

నీ ప్రశ్నను ఒక్క వాక్యంగా రాసి ముందు టీచర్‌కి చూపించు. ఆవిడేమన్నారో నాకు మెసేజ్ పెట్టు.

అన్నయ్య