నర్తకి కోసం ఆగని పాట

సంపాదకులకు నమస్కారాలు.

ముప్ఫై ఏళ్లుగా కూచిపూడి ప్రదర్శనలకు మృదంగం వాయిస్తున్నాను. కిందటి నెల ఒక సభకు ప్రేక్షకుడిగా వెళ్లాను. తరంగం చేస్తున్న అమ్మాయి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ముందుకు జరుగుతుండగా, పళ్లెం వేదిక పలకల సందులో ఇరుక్కుంది. ఆ పిల్ల తమాయించుకుని మళ్లీ కాలు కదిపేసరికి స్పీకర్లలో మోగుతున్న రికార్డింగ్‌లో జతి (అడుగులకు పలికే తాళ శబ్దాల వరుస) ముగిసి, పాట చరణంలోకి వెళ్లిపోయింది. పక్కన వాద్యబృందమే ఉంటే, నట్టువాంగం చేసేవారు, అంటే తాళాలు వాయిస్తూ జతులు పలికి నృత్యాన్ని నడిపించేవారు, ఆమె పాదాలు చూసి తాళం నిలిపేవారు, మృదంగం మరో ఆవర్తనం (తాళంలో ఒక పూర్తి చుట్టు) నడిచేది, గాత్రం పల్లవిని ఇంకోసారి అందుకునేది. జరిగిన పొరపాటు సభలో ఎవరికీ తెలిసేదే కాదు.

ఖర్చు సంగతి నాకు తెలియనిది కాదు. గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు అంటే ఐదుగురి పారితోషికం, ప్రయాణం, బస, ముందుగా రెండు మూడు రిహార్సళ్లు. పెన్‌డ్రైవ్‌కు ఇవేవీ అక్కర్లేదు. అప్పు చేసి పిల్లల రంగప్రవేశం (తొలి ప్రదర్శన) జరిపించే తల్లిదండ్రులను గాని, అమెరికాలో రికార్డింగ్ పెట్టుకుని సాధన చేసే మన పిల్లలను గాని నేను తప్పుపట్టను. కాని ఎల్ఈడీ తెరకూ, పూల అలంకరణకూ, శాలువలకూ డబ్బు దొరికే నిర్వాహకులకు వాద్యబృందం మాట ఎత్తగానే బడ్జెట్ చాలకపోవడం బాధ కలిగిస్తోంది.

వాచికానికి, అంటే పాత్రధారి నోటి మాటతో చేసే అభినయానికి, జరిగిన నష్టం ఇంకా పెద్దది. కూచిపూడి యక్షగాన సంప్రదాయంలో పాత్రధారి తానే పాడేవాడు, తానే మాట్లాడేవాడు. సత్యభామ కథను ఆడే భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి ‘భామనే సత్యభామనే’ అని ప్రవేశదరువు (పాత్ర తనను పరిచయం చేసుకునే పాట) అందుకుంటే, ఆమె చెలికత్తె మాధవిగా నిలిచే సూత్రధారుడు (ప్రదర్శనను నడిపేవాడు) ఆమెను ప్రశ్నిస్తూ, ఆనాటి సభ తీరును బట్టి మాటను పెంచేవాడు, తుంచేవాడు. నేడు చాలా చోట్ల ఆ సంవాదాన్ని కూడా ముందే స్టూడియోలో నింపుకుని వచ్చి, వేదిక మీద ఇద్దరూ పెదవులు కదుపుతున్నారు.

రికార్డింగ్‌పై జరిగే ప్రదర్శన అయితే ఆ మాట ఆహ్వానపత్రికలో స్పష్టంగా ముద్రించాలని నిర్వాహకులను కోరుతున్నాను. ప్రభుత్వ నిధులతో జరిగే ఉత్సవాల్లో తరంగానికీ, కలాపానికీ ప్రత్యక్ష సంగీతం ఉండాలన్న నియమాన్ని రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలూ పెట్టాలి. ఇది వాయిదా వేయదగిన పని కాదు. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లు ఇద్దరు స్టూడియోల్లో నృత్యాల ట్రాకులకు చక్కగా వాయిస్తున్నారు. నర్తకి పాదాలు చూస్తూ వాయించే అవకాశం వారికి ఇంతవరకు ఒక్కసారీ రాలేదు.

— ఒక మృదంగ కళాకారుడు, విజయవాడ