ఎయిర్ ఫిల్టర్‌ను కడిగితే చాలదు, నూనె పట్టించాలి

సంపాదకులకు నమస్కారాలు.

నేను పరకాల చుట్టుపక్కల గ్రామాల్లో గోపాలమిత్రగా, అంటే పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్తగా పనిచేస్తున్నాను. ద్రవ నత్రజని క్యాన్‌ను బండికి కట్టుకుని రోజుకు అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరుగుతాను. పశువు ఎదకు వచ్చిందని రైతు ఫోన్ చేస్తే కొన్ని గంటల్లోపే చేరుకోవాలి కాబట్టి, నా వృత్తి సగం ఆ బండి మీదే ఆధారపడి ఉంది. రెండేళ్ల కిందట అది నీలం రంగు పొగ వదలడం, ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. ఇంజిన్ విప్పిన మెకానిక్, బోరు (పిస్టన్ కదిలే సిలిండర్) గోడల మీద పైనుంచి కిందికి పడిన గీతలను వేలితో తడిమి చూపించి, లోపలికి దుమ్ము పోయిందని చెప్పాడు. పిస్టన్, రింగులు, బోరు కలిపి ఆరు వేల రూపాయల పైనే ఖర్చయింది. నన్ను ఎక్కువగా బాధించింది ఆ ఖర్చు కాదు. అంతకుముందు నేను సర్వీసింగ్ చేయించిన చోట ప్రతిసారీ నా కళ్ల ముందే ఎయిర్ ఫిల్టర్‌ను పెట్రోలులో ముంచి శుభ్రంగా కడిగారు, ఎయిర్ ప్రెషర్‌తో ఆరబెట్టారు, తిరిగి బిగించారు. ఒక్కసారి కూడా దానికి నూనె పట్టించలేదు. పట్టించాలని నాకూ తెలియదు.

నా బండిలో ఉన్నది స్పాంజి ఫిల్టర్, అంటే ఫోమ్‌తో చేసినది. ఆ స్పాంజిలోని రంధ్రాలు సన్నటి దుమ్ము రేణువుల కంటే చాలా పెద్దవి. దుమ్మును పట్టి ఆపేది ఆ రంధ్రాల గోడలకు అంటుకుని ఉండే నూనె జిగురు. నూనె లేని స్పాంజి ఆకులను, పురుగులను, పత్తి పోగులను ఆపుతుందేమో గానీ, సన్నటి దుమ్మును ఇంజిన్‌లోకి వదిలేస్తుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. నా బండి రోజుకు లీటరుకు పైగా కాలుస్తుంది కాబట్టి అంత గాలీ ప్రతిరోజూ ఆ చిన్న స్పాంజి గుండానే వెళ్లాలి. ఇక మన గాలి సంగతి ఈ ప్రాంతం వారికి చెప్పనక్కర్లేదు. భూపాలపల్లి వైపు నుంచి వచ్చే బొగ్గు లారీలు, కంకర క్రషర్లు, మొరం రోడ్లు, కోతల కాలంలో హార్వెస్టర్ లేపే వరి దుమ్ము అన్నీ అందులో ఉంటాయి. రాతి దుమ్ములోనూ, వరి పొట్టులోనూ ఉండే సిలికా, పిస్టన్ రింగులను, బోరును ఉప్పు కాగితంలా అరగదీస్తుంది.

స్పాంజి ఫిల్టర్‌ను శుభ్రం చేసే పద్ధతిని ఇప్పుడు నేను పాటిస్తున్నట్టే రాస్తున్నాను. ముందుగా స్పాంజిని దాని లోపలి చట్రం నుంచి విడదీసి, కిరోసిన్‌లో గానీ, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గానీ కడగాలి. పెట్రోలు వాడకూడదు, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, పైగా అది స్పాంజి అతుకులను వదులు చేస్తుంది. బట్టను మెలిపెట్టినట్టు పిండితే స్పాంజి చిరుగుతుంది కాబట్టి అరచేతుల మధ్య పెట్టి నొక్కాలి. మురికి దిగడం ఆగేదాకా రెండు మూడు సార్లు కడిగి, ఎండలో కాకుండా నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, తడి మిగిలితే నూనె పట్టదు. ఆ తర్వాత ఫోమ్ ఫిల్టర్ ఆయిల్‌ను గానీ, బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్‌ను గానీ కొద్దికొద్దిగా పోస్తూ, స్పాంజి అంతా ఒకే రంగుకు వచ్చేదాకా మెల్లగా నొక్కుతూ పట్టించాలి. మిగులు నూనెను శుభ్రమైన గుడ్డలో చుట్టి నొక్కి తీసేయాలి. ముట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటాలి, బొట్టు మాత్రం కారకూడదు. నూనె ఎక్కువైతే గాలి అందక ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇంజిన్ నుంచి దించిన నల్ల ఆయిల్‌ను కొందరు ఇందుకు వాడటం నేను చూశాను. అందులో ఇంజిన్ అరిగిన లోహపు పొడి ఉంటుంది. దుమ్మును ఆపవలసిన చోట దాన్ని మనమే తెచ్చి పెట్టడం ఎంత పొరపాటో మెకానిక్ సోదరులు ఆలోచించాలి.

బిగించే ముందు ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం మూతిని గుడ్డతో మూసి, ఫిల్టర్ పెట్టె లోపలి దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. స్పాంజి అంచు పెట్టెకు సరిగ్గా ఆనకపోతే దుమ్ము పక్క సందు నుంచే పోతుంది. అంచుకు పలుచగా గ్రీజు రాయడం మంచిది.

అయితే ఈ పద్ధతి అన్ని బండ్లకూ వర్తించదు. ఇప్పటి చాలా బండ్లలో కాగితపు ఫిల్టర్లు వస్తున్నాయి. పొడి కాగితం ఫిల్టర్‌ను మెల్లగా తట్టి, తక్కువ ప్రెషర్‌తో లోపలి వైపు నుంచి బయటికి గాలి కొట్టవచ్చు గానీ, కడగకూడదు, నూనె రాయకూడదు. కంపెనీలోనే నూనె పట్టించి పంపిన జిడ్డు కాగితం ఫిల్టర్‌ను కడగడమూ గాలి కొట్టడమూ రెండూ తప్పే, గడువు రాగానే మార్చడమొక్కటే మార్గం. జిడ్డుగా ఉంది కదా అని దాన్ని పెట్రోలుతో కడిగి తెల్లగా చేసి ఇచ్చిన వారినీ నేను చూశాను. కొందరు యువకులు కొని వేసుకునే పలుచటి నూలు గుడ్డ (కాటన్ గాజ్) ఫిల్టర్లను వాటికి అమ్మే ద్రావణంతోనే కడిగి, లోపలి వైపు నుంచి నీళ్లు పోసి, తనంతట తాను ఆరాక వాటి నూనెనే మడత మడతకూ పట్టించాలి. ఇరవై నిమిషాలాగి ఎక్కడైనా తెల్లగా కనిపిస్తే అక్కడ మరికొంత వేయాలి.

ఈ తేడాలు బండి యజమానికి తెలిసే దారి ఏది? నా బండితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అందులో ఫిల్టర్‌కు నూనె పట్టించాలని స్పష్టంగానే రాసి ఉందని ఇంజిన్ పోయాక, డిగ్రీ చదివే మా అబ్బాయి చదివి చెబితే తెలిసింది. ద్విచక్ర వాహనాల కంపెనీలు ఫిల్టర్ పెట్టె మూత లోపల, అది ఏ రకం ఫిల్టరో, కడగవచ్చో లేదో, ఏ నూనె ఎంత పట్టించాలో, దుమ్ము ఎక్కువగా ఉండే రోడ్ల మీద ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి చూడాలో తెలుగులో ముద్రించిన చిన్న స్టిక్కర్ ఒకటి అతికించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అంతవరకు షోరూముల వారు, మెకానిక్కులు ఫిల్టర్ పని చేసినప్పుడు కడిగారా, నూనె పట్టించారా, మార్చారా అన్నది సర్వీసింగ్ బిల్లు మీద రాసి ఇవ్వాలని మనవి.

ఇట్లు,
ఒక గోపాలమిత్ర,
పరకాల, హనుమకొండ జిల్లా.